రెండు వేళ్ళతో దూరాల్సిన బోల్టు

మా తమ్ముడి కొడుకు కార్తీక్ కొన్న కారుకి తలుపులు రెండు, సీట్లు రెండు, పొగరు మాత్రం నలుగురికి సరిపడా ఉంది. నిమ్మపండు రంగు. నేలకి జానెడెత్తు. దాంట్లోకి ఎక్కడమంటూ ఉండదు, కూలబడడమే. బయటికి రావాలంటే ఎవరైనా చెయ్యి పట్టి లాగాలి. అరవై అయిదు దాటినదాన్ని, మోకాళ్ళు రెండూ నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. అలాంటిదాన్ని, "అత్తా, నీ జ్ఞాపకాలు రాసుకుంటున్నావు కదా, ఒకసారి అరకు వెళ్ళొద్దాం రా, మెటీరియల్ దొరుకుతుంది" అని విశాఖపట్నం నుంచి బయల్దేరదీశాడు. నా చిన్నతనం వాడికి మెటీరియల్. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా కారు కడుపు గీసుకుంటుందని నన్ను దింపేసి, అవతల మళ్ళీ ఎక్కించుకున్నాడు. శృంగవరపుకోట చేరేసరికి నేను కారులో ఎంత దూరం వచ్చానో, కాలినడకన కూడా ఇంచుమించు అంతే వచ్చాను. ఇదే దారిలో ఒకప్పుడు ఒక్కొక్క జీపు పాతికమంది మనుషుల్ని, వాళ్ళ మేకల్ని, చింతపండు బుట్టల్ని మోసుకుంటూ పైకెక్కేది. దాని కడుపు గురించి ఎవరూ బెంగపడలేదు.

అరకు కూడా ఇప్పుడు మావాడి లాంటివాళ్ళ కోసమే తయారై కూర్చుంది. బొంగులో కోడిని కాల్చుకు తినడం మా కాలంలో అడవిలో గిన్నె లేనివాడి ఉపాయం. ఇప్పుడది ఇంటినిండా గిన్నెలున్నవాళ్ళ సరదా. వలిసె చేను పూస్తే రైతు నూనె లెక్క వేసుకునేవాడు. ఇప్పుడు చేను మధ్యలో చెక్క గుండె ఆకారం ఒకటి పాతి, దాంట్లోంచి తలకాయలు బయటపెట్టి ఫోటోలు దిగుతున్నారు. పెళ్ళికో పండక్కో ఊరంతా చేతులు కలిపి ఆడే థింసాని, రిసార్టులో భోజనాలకి ముందు ఆడిస్తున్నారు. ఆడేవాళ్ళు ఆడుతూనే ఉంటారు, తినేవాళ్ళు పళ్ళెంలోంచి తలెత్తరు. చలికి వణకడానికి గుడారం అద్దెకిస్తున్నారు. మేం ఇరవయ్యేళ్ళు రేకుల కింద ఊరికే వణికాం, అది విలువైన అనుభవమని మాకెవరూ చెప్పలేదు.

ఇక అసలు సంగతి కారు వెనక భాగంలో ఉంది. వెనక చక్రాలు రెంటి మధ్యా అడ్డంగా ఒక ఉక్కు కమ్మీ ఉంటుంది. మలుపులో కారు ఒక పక్కకి ఒరగబోతే, ఈ కమ్మీ మెలికపడి, రెండో పక్కని కూడా తనతో పట్టుకుని బండిని నిలువునా ఉంచాలని చూస్తుంది. కమ్మీ కొసల్ని చక్రాల దగ్గర కలిపేవి జానెడేసి పొడవున్న రెండు లింకు రాడ్లు. కారుతో వచ్చిన రాడ్లు మావాడికి ఆనలేదు. పొడవు పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ మరలున్న రాడ్లు, ఊదారంగు వేసినవి, తెప్పించి నగల పెట్టె లాంటి డబ్బాలో వెంట తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్న రిసార్టు ఆవరణలో చేతులకి నల్లటి గ్లోవ్స్ తొడుక్కుని, ఫోను ఒక ఇటుకకి ఆనించి, అందులో ఎవరో చెబుతుంటే చూస్తూ పని మొదలెట్టాడు. ఎడమ పక్క జాకీ పెట్టి ఎత్తాడు, ఆ రాడ్డు బిగించాడు, దించాడు. కుడి పక్క ఎత్తాడు. బోల్టు కన్నానికి ఎదురుగా రాలేదు. మర తిప్పి రాడ్డు పొడవు పెంచాడు. అప్పటికీ సరిగ్గా రాకపోతే సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. దూరింది. దూరింది కదా అని సంబరపడ్డాడు.

నేను కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ చూస్తున్నాను. "ఒరేయ్, చక్రాలన్నీ నేల మీద ఉండాలి. నువ్వు కూర్చునే సీట్లో నీ బరువు ఉండాలి. అప్పుడు బిగించాలి. బోల్టు రెండు వేళ్ళతో తోస్తే దూరాలి. సుత్తి పట్టుకున్నావంటే తప్పు బిగించావన్నమాట" అన్నాను.

"అత్తా, నువ్వు కథలు రాస్తావు, ఓకే. ఇది సస్పెన్షన్. ఫీల్డ్ వేరు" అన్నాడు వాడు, తల తిప్పకుండా.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాడితో వాదించడం నా వల్ల కాదు. మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ మీదికి తీసుకెళ్ళాడు. ఎడమ మలుపుల్లో కారు బుద్ధిగానే వెళ్ళింది. మొదటి కుడి మలుపు రాగానే వెనక భాగం బయటికి జారిపోయి, రోడ్డంచున సున్నం కొట్టిన రాళ్ళ దాకా వెళ్ళి ఆగింది. నా గొంతులోంచి వచ్చిన కేక నాకే కొత్తగా వినిపించింది. కార్తీక్ దిగి, టైర్లు చూసి, రోడ్డు చూసి, ఆకాశం కూడా చూసి, "రోడ్ బాలేదత్తా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు. తిరిగి రిసార్టు దాకా ఎడ్లబండి వేగంతో వచ్చాం. అక్కడి కాపలాదారు మా మొహాలు చూసి, "ఏటైనాది బాబూ? సంత దారిలో బిమల షెడ్డు ఉన్నాది. బేగి తీస్కెళ్ళి సూపించండి. ఆ గుంట మగోల కన్నా బాగా సేత్తాది" అని చెప్పాడు.

రెండు వేళ్ళ మాట నాది కాదు. ఇంకొకరి మాట పట్టుకొచ్చి నా సొంతంలా వాడుకోవడం నాకు పాత అలవాటు. ఆ మాట సుక్రుది. అతను మా నాన్న నడిపే మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు. ఆ షెడ్డు రైలు గేటుకి ఇవతల ఉండేది, మా ఇల్లు దానికి ఆనుకునే. తెల్లారితే నాన్న కిరసనాయిల్లో నట్లు కడిగే వాసన, మధ్యాహ్నమైతే పక్క కొట్లో ఎండబోసిన పసుపు వాసన, సాయంత్రానికి అన్నిటి మీదా మంచు, పొగ. మామ్మ అరుగు మీద కూర్చుని అడ్డపొగ చుట్ట కాలుస్తూ, నిప్పు నోట్లో పెట్టుకునే వచ్చేపోయేవాళ్ళని తిడుతూ ఉండేది. అమ్మ పొద్దున్నే చోడి అంబలి కాచి షెడ్డుకి పంపేది. అందరికీ ఇత్తడి గ్లాసులు. సుక్రుకి మాత్రం ఒక సత్తు గ్లాసు, ఇంటి బయట చూరులో దూర్చి ఉండేది. వాడే తీసుకోవాలి, వాడే కడుక్కోవాలి, వాడే మళ్ళీ చూరులో పెట్టాలి. అందులో మాకు తప్పు కనిపించలేదు. పైగా కొండ మీదివాళ్ళకి మర్యాద తెలీదని మేం నవ్వుకునేవాళ్ళం, ఎందుకంటే వాళ్ళు పెద్ద ఆఫీసరునైనా "నువ్వు" అంటారు. మేం మర్యాదస్తులం, వాళ్ళని తప్ప ఎవరినీ నువ్వు అనేవాళ్ళం కాదు. సుక్రు నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను అతన్ని పేరు పెట్టి పిలిచేదాన్ని. అతను నన్ను "పాపా" అనేవాడు.

అతను మొదట కావడి మోసుకుంటూ సంతకి దిగాడు. చింతపండు అమ్ముకుని వెళ్ళిపోవాల్సినవాడు, మా షెడ్డు ముందు విప్పేసి ఉన్న జీపు చూసి ఆగిపోయాడు. సాయంత్రం దాకా నిలబడి చూశాడు. తర్వాతి సంతకి కావడి లేకుండా వచ్చాడు. మా నాన్నకి తెలిసిన వైద్యం ఒక్కటే, సుత్తి. ఏ నట్టు బిగించినా చివర మూడు దెబ్బలు వెయ్యందే ఆయనకి తృప్తి ఉండేది కాదు. సుక్రు సుత్తి ముట్టేవాడు కాదు. "కన్నానికి బోల్టు ఎదురైతే రెండు వేళ్ళు సాలు. ఎదురవనేదంటే ఎక్కడో తప్పున్నాది. కొడితే తప్పు లోపలికెల్తాది, పోదు" అనేవాడు. కొండ మీదివాళ్ళు కావడి తాళ్ళు సరిచేసే పద్ధతి అతను షెడ్డులోకి తెచ్చాడు. బుట్టలు ఖాళీగా ఉండగా వాళ్ళు తాళ్ళు సరిచెయ్యరు. సరుకు నింపి, బద్ద భుజానికెత్తుకుని, మోసేవాడు కదలకుండా నిలబడతాడు. రెండోవాడు వచ్చి, చూసి, తాడు బిగించో వదులు చేసో ముడి వేస్తాడు. మోసేవాడు తన ముడి తాను వేసుకోడు. బరువు ఎక్కనిదే ఏ తాడు పొడవూ తెలీదని వాళ్ళ లెక్క. జీపు కింది స్ప్రింగు కట్టలు సరిచేసేటప్పుడు కూడా సుక్రు ముందు సరుకు ఎక్కించమనేవాడు. నాన్న విసుక్కునేవాడు గానీ, సుక్రు చేసిన జీపు మళ్ళీ తిరిగి వచ్చేది కాదు.

ఆ రోజుల్లో లోయలో ఒక కలప కాంట్రాక్టరు ఉండేవాడు. అందరం దొర అనేవాళ్ళం. అతనిలో దొరతనం ఏమీ లేదు, పొట్ట ఉంది. ఓడల్లో పనిచేసి వెళ్ళిపోతున్న ఎవరి దగ్గరో ఒక ఎర్ర కారు కొన్నాడు, రెండు సీట్లది, పైకప్పు లేనిది. మలుపుల్లో అది ఒరిగిపోతోందని మా షెడ్డుకి తెచ్చాడు. నాన్న మురిసిపోయాడు. జీపులూ లారీలూ తప్ప ఎరగనివాడికి అలాంటి కారు వాకిట్లోకి రావడమే పండగ. ఎక్కడో తుక్కులో పడున్న కారులోంచి కమ్మీ తెప్పించి, కొలతకి వంచి, రెండు లింకు రాడ్లకి మరలు కోయించాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మూడు రోజులు అన్నానికి పిలిచినా లోపలికి రాలేదు.

బిగించే రోజున దొర స్వయంగా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను విశాఖపట్నం కాలేజీ నుంచి సెలవులకి వచ్చి ఉన్నాను. పందొమ్మిదేళ్ళు. పూల వాయిలు చీర కొత్తది. చేతిలో ఒక ఇంగ్లీషు నవల, మూడో పేజీ దాటనిది. షెడ్డు గుమ్మంలో నిలబడితే ఎలా కనిపిస్తానో నాకు బాగా తెలుసు, అందుకే నిలబడ్డాను. సుక్రు కారు చుట్టూ ఒకసారి తిరిగి, దొరని ఎగాదిగా చూసి, పక్క కొట్టు ముందు వేలాడుతున్న కాటా చూపించాడు.

"దొరా, ముందు నిన్ను తూకమెయ్యాల. నీ బరువంత బరువు సీట్లో ఎట్టి బిగించాల. నేపోతే కుడి పక్క దిగిపోద్ది, లింకులు సమానం రావు" అన్నాడు.

"నన్నేటి సింతపండనుకున్నావేట్రా?" అని దొర గుడ్లురిమాడు.

పక్క కొట్టువాళ్ళు నవ్వాపుకోవడం చూసి మా నాన్న మొహం నల్లబడింది. సుక్రు మాత్రం పట్టించుకోలేదు. అతనికి అది తూకం, అంతే. "పోనీ, దొర ఒద్దు. ఒక పసుపు బస్తా తెచ్చి ఎడతాను. పాప కూకుంటాది. రెండూ కలిపితే దొర సరిపోతాడు. పాపా, వొచ్చి కూకో. కదలకుండా కూకోవాల" అన్నాడు.

దొర గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు నా చీర మీద, నా నవల మీద, నా కాలేజీ మీద పడినట్టయింది. "నన్ను బస్తా పక్కన తూకానికి కూర్చోబెడతావా? నీ హద్దులో నువ్వుండు సుక్రూ" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు గొంతు ఎంత సన్నగా, ఎంత నాగరికంగా పెట్టానో నాకింకా గుర్తుంది. ఇప్పుడు తలచుకుంటే ఆ పందొమ్మిదేళ్ళ గుంట చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

"నోర్ముయ్ సుక్రూ, పానా అందియ్యి" అన్నాడు నాన్న. దొర ముందు తానేమిటో చూపించుకోవాలి కదా. ఎడమ పక్క జాకీ పెట్టి ఒక రాడ్డు, కుడి పక్క జాకీ పెట్టి ఒక రాడ్డు బిగించాడు. కుడివైపు బోల్టు దూరలేదు. సుత్తి అందుకున్నాడు. సుక్రు ఒక్క నట్టు ముట్టుకోలేదు. పానాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ సుత్తి దెబ్బలు గుమ్మంలో నిలబడి నేను విన్నాను. నాన్న చివర వేసే మూడు దెబ్బలు కూడా విన్నాను.

ఏదైనా శబ్దం వస్తే వింటాడని నాన్నే సుక్రుని ఎడమ సీట్లో కూర్చోబెట్టి పంపించాడు. ఊరు దాటాక దిగుడులో కుడి మలుపు ఒకటుంది. అక్కడ కారు వెనక భాగం జారి, ఎడమ వైపుకి పల్టీ కొట్టి, కాఫీ మొక్కల్లో పడింది. దొర చొక్కా చిరిగింది. సుక్రు ఎడమకాలు మోకాలి కింద నుజ్జయింది.

మర్నాడు మధ్యాహ్నం దొర ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. కారు ఎవరు బిగించారో కాగితం మీద రాసివ్వాలి, లేకపోతే ఆ చోట షెడ్డు ఉండదు అన్నాడు. అతను వెళ్ళాక నాన్న నన్ను లోపలికి పిలిచాడు. నా దస్తూరీ బాగుంటుంది. "కారు వెనక లింకులు నేనే బిగించాను, నాదే తప్పు, మేస్త్రి వద్దన్నా వినలేదు" అని సుక్రు చెబుతున్నట్టు రాయమన్నాడు. నేను కాదనలేదు. ఎందుకని అడగలేదు. "నాదే తప్పు" అన్నది మధ్యలో కన్నా చివర ఉంటే బాగుంటుందని మాత్రం మార్చాను. నా తొలి రచన ఏదని సభల్లో అడుగుతుంటారు. ఏదో పత్రికలో వచ్చిన కథ పేరు చెబుతుంటాను. అబద్ధం. నా తొలి రచన ఆ కాగితం. నేను శ్రద్ధగా దిద్దిన మొదటి వాక్యం అదే.

ఆస్పత్రికి కాగితం పట్టుకెళ్ళింది కూడా నేనే. నాన్న తనకి ఒంట్లో బాగాలేదన్నాడు. మంచం పక్కన నిలబడి సుక్రుకి చదివి వినిపించాను. "కాలుకి డాక్టర్లు చేసే వైద్యానికి నేను ఒప్పుకుంటున్నాను" అని చదివాను. కాగితంలో ఆ మాట ఒక్కటీ లేదు. అతను నా మొహం కేసి కాసేపు చూశాడు. బొటనవేలు చాపాడు. సిరా నేనే పూశాను.

ఆ తర్వాత జరిగిందంతా చాలా మామూలుగా జరిగింది. కాలు అతుక్కుంది గానీ పొట్టిదైంది. కాగితం సంగతి లోయంతా పాకింది. సుక్రు చెయ్యి పెడితే బండి పల్టీ అన్నది ఒక సామెతలా అయిపోయింది. పిల్లలు సైకిలు పంచరు వేసుకుంటూ కూడా ఆ మాట అనుకునేవాళ్ళు. ఏ జీపువాడూ అతన్ని దగ్గరికి రానివ్వలేదు. కాఫీ గింజలు ఎండబెట్టే కళ్ళాల్లో పనికి పోయాడని విన్నాం. మామ్మ చూరులోంచి సత్తు గ్లాసు తీసి పారేసింది. మా నాన్న పిరికివాడు. ఈ మాట రాయడానికి ఆయన పోయేదాకా ఆగాను, అంటే పిరికితనం మా ఇంట్లో ఆస్తిలా చేతులు మారిందన్నమాట. నేను ఉద్యోగం చేశాను, పెళ్ళి చేసుకున్నాను, నోరులేనివాళ్ళ పక్షాన కథలు రాశాను, శాలువాలు కప్పించుకున్నాను. గురివింద గింజలు ఈ కొండల్లో ఏ పొద చూసినా ఉంటాయి. వాటి కింది నలుపు మీద కూడా ఒక కథ రాసి బహుమతి తెచ్చుకున్నాను.

బిమల షెడ్డుకి వెళ్ళింది ఇదంతా మనసులో పెట్టుకుని కాదు, కారు చూపించడానికే. సుక్రు బతికి ఉన్నాడో లేదో కూడా నాకు తెలీదు. షెడ్డు ముందు తిరగేసిన రంగు డబ్బా మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒక కాలు ముందుకి చాపి ఉంది. కారులోంచి కార్తీక్ నన్ను బయటికి లాగుతుంటే ఆయన కళ్ళు చిట్లించి చూశాడు.

"పాపా, నువ్వేనా?" అన్నాడు.

ఏమని పిలవాలో నాకు తోచలేదు. సుక్రూ అని నోరు తిరగలేదు, ఇంకేదైనా అనే హక్కు నాకు లేదు. "నేనే" అని ఊరుకున్నాను.

బిమల ముప్పై దాటిన మనిషి. జుట్టు గుడ్డలో కట్టేసుకుని, మోచేతుల దాకా గ్రీజుతో ఉంది. సుక్రు కూతురు. కారుని గుంత మీదికి పెట్టించి, మెట్లు దిగి, టార్చి వేసి చూసింది. "ఎవులు సేసినారిది? ఒక లింకు పొడుగు, ఒక లింకు పొట్టి. కమ్మీ మెలిపడిపోనాది. బోల్టు సుత్తెట్టి కొట్టినారేటి?" అంది. కార్తీక్ ఫోనులో ఏదో అర్జెంటు ఉన్నట్టు నటించాడు.

సుక్రు డబ్బా మీద నుంచే, "డైవరు సీట్లో ఆ బాబు బరువెట్టి సెయ్యాల" అన్నాడు. బరువెంత అని బిమల అడిగితే మావాడు "సెవెంటీ టూ" అన్నాడు. ఆమె వాడిని పైనుంచి కింది దాకా చూసి, "తొంభైకి తగ్గడు" అంది. వాడికి నిజంగానే అప్పుడొక కాల్ వచ్చింది. సిగ్నల్ లేదని రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు, వెళ్ళినవాడు రాలేదు.

సుక్రు నా వైపు తిరిగాడు. గోడ పక్కన రేపటి సంతకి కట్టి పెట్టిన పసుపు మూట ఉంది. "పాపా, నువ్వూ, ఆ మూటా. సరిపోద్ది. కూకుంటావా?" అని అడిగాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉంటే బాగుండుననిపించింది.

కూర్చున్నాను. బిమల మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మూట పైనుంచి రోడ్డు కూడా కనిపించడం లేదు, తెల్లచీర అంతా పసుపు. ఆమె మళ్ళీ గుంతలోకి దిగి, నట్లు వదులు చేస్తూ, నవ్వుతూ చెప్పింది: "మా అయ్య నోటితో సెప్తాడు మేడమ్, అన్నీ తెలుసు. పానా మాత్తరం ముట్టనివ్వను. సుక్రు సెయ్యెడితే బండి పల్టీ అని సిన్నప్పుట్నుంచీ ఇంటన్నాను. ఎవులో దొర కారు తిరగేసీసినాడంట. నా షెడ్డుకి ఆ పేరొస్తే ఎవులొత్తారు సెప్పండి?"

డబ్బా మీద సుక్రు కూడా నవ్వాడు. ఎన్నోసార్లు విన్న మాటకి నవ్వినట్టు నవ్వాడు.

నా కాళ్ళ కిందే, రేకుకి అవతల, ఆ అమ్మాయి ఉంది. మొహం కనిపించడం లేదు. కనిపించి ఉంటే ఇప్పుడైనా చెప్పగలిగేదాన్నని నేను అనుకోను. "బిమలా, నువ్వు విన్నది తప్పు" అన్నాను. "ఆ కారు నట్లు మీ అయ్య ముట్టుకోలేదు. బరువు పెట్టి బిగించాలని చెప్పింది మీ అయ్యే. వినకుండా సుత్తితో కొట్టింది మా నాన్న. తూకానికి కూర్చోమంటే కూర్చోనన్నది నేను. మీ అయ్యే బిగించాడని కాగితం రాసింది నేను. ఆస్పత్రి కాగితమని చదివి వేలిముద్ర వేయించిందీ నేనే."

కింద పానా చప్పుడు ఆగిపోయింది. బిమల మెట్లెక్కి పైకి వచ్చింది. నా వైపు చూడలేదు. తండ్రి ముందు నిలబడి వాళ్ళ ఒడియాలో ఏదో గట్టిగా అడిగింది. ఇరవయ్యేళ్ళు ఆ లోయలో పెరిగినదాన్ని, ఆ భాషలో నాలుగు మాటలు కూడా నేర్చుకోలేదు, కాబట్టి ఏమడిగిందో నాకు తెలీదు. ఆయన రెండు మాటల్లో జవాబిచ్చాడు. తర్వాత నాకేసి చూశాడు.

"నాకు తెల్సు పాపా" అన్నాడు. "నాకు సదువు రాదు. గానీ సదివే మనిసిని సూత్తే తెలీదేటి? నువ్వు సదివినంతసేపూ కాయితం కేసి ఒక్కపాలి గూడా సూడనేదు."

"తెలిసీ వేలిముద్ర ఎందుకేశావు?"

"ఎయ్యకపోతే? నా మాట ఎవులింటారు? నువ్వింటావా?"

వినేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

బిమల కొంగుతో మొహం తుడుచుకుంది. బల్ల మీది బోల్టు తీసి, గుడ్డతో ఒకసారి తుడిచి, తండ్రి అరచేతిలో పెట్టింది. "రా అయ్యా. నువ్వే ఎయ్యి" అని మాత్రం తెలుగులోనే అంది. ఆయన బోల్టు కేసి చూశాడు, కూతురి కేసి చూశాడు. లేచాడు. ఆమె చంక కింద చెయ్యి వేసి పట్టుకుంటే, ఒక్కొక్క మెట్టుకీ పొట్టికాలు ముందు దింపి, ఆగి, రెండోది దింపుతూ గుంతలోకి దిగాడు. కింద రాడ్డు మర తిప్పుతున్న చప్పుడు, మళ్ళీ ఆగడం, మళ్ళీ తిప్పడం.

అప్పుడే కార్తీక్ తిరిగొచ్చాడు. కారులో పసుపు పూసుకుని, ఒళ్ళో మూటతో ఉన్న నన్ను చూసి పగలబడి నవ్వుతూ ఫోను ఎత్తాడు. "అత్తా, సూపర్! దిగు, దిగు, టైమవుతోంది" అన్నాడు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనిపించింది. నేను కింది చప్పుడే వింటున్నాను. సుత్తి చప్పుడు కోసం వింటున్నాను. అది రాలేదు.

"దూరింది" అంది కింద సుక్రు గొంతు. "ఇంక రెండోది. కదలకు పాపా."

నేను కదల్లేదు.